బజ్జీలు కట్టని పేజీ

మా దగ్గర పేపరు చదవడమంటే ఒక్కడు మూలన కూర్చుని కళ్లతో చదువుకుని మడిచి పెట్టడం కాదు. పొద్దున ఏడున్నరకు, జనరల్ షిఫ్టు వాళ్లు టీ తాగే వేళకు, నేను గొంతెత్తి చదవాలి, మిగతావాళ్లు తీర్పులు చెప్పాలి. హత్య చేసినవాణ్ని ఉరి తీయాలా, కాల్చి పారేయాలా? మంత్రి రాజీనామా చేస్తే సరిపోతుందా, జైలుకు కూడా పోవాలా? ఇవన్నీ గడ్డపోతారం రోడ్డు మీద ఒక రేకుల హోటల్లో, రెండు బెంచీల మీద తేలిపోయేవి. హైకోర్టుకు కూడా అంత తొందర ఉండదు.

చదివే పని నాకు పడింది నా చదువు గొప్పదని కాదు. హోటలు పక్కనే ధర్మకాంటా ఉంది. లోడు లారీలను తూకం వేసే కాంటా అది. దాన్ని నడిపేది నేను. ముందుకు రా, వెనక్కి పో అని పొద్దస్తమానం లారీ డ్రైవర్ల మీద అరిచి అరిచి నా గొంతుకు మైకు అక్కర్లేకుండా పోయింది. తీర్పులు చెప్పేవాళ్లలో ముందు వరసవాడు ఆటో నడిపే దోస్తు. వాడికి రాజకీయమంటే పిచ్చి. ఆటో అద్దానికి వాళ్ల లీడరు ఫొటో అంటించుకుని, ఎదురుగా రోడ్డు ఎట్లా కనిపిస్తుందో వాడికే తెలియాలి. రెండోవాడు బావ. కంది దగ్గర, పెద్ద చదువుల క్యాంపస్ గోడకు అవతల మా ఊరు. అక్కడ వరసకు బావ అవుతాడు. పదకొండేళ్లుగా ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు లేబరు. ఇక హోటలు చాచాది. ఆయన తీర్పులు చెప్పడు. పెనం ముందు నిలబడి వింటాడు, అప్పుడప్పుడు "తోబా తోబా" అంటాడు.

చదవడం అయ్యాక పేపరు చాచాకు పోతుంది. పేజీలు చింపి మిర్చి బజ్జీలు కట్టి ఇస్తాడు. అయితే చనిపోయినవాళ్ల ఫొటోలున్న పేజీని మాత్రం ఆయన బజ్జీలకు వాడడు. తీసి పిండి డబ్బా పైన అరలో పెడతాడు. ఎందుకని అడిగితే, "మయ్యత్ మీద నూనె పడొద్దు బేటా" అన్నాడు. అరలో కట్ట పెరిగిపోతుంటే ఆటో దోస్తు ఊరుకునేవాడు కాదు.

"చాచా, గిట్లైతే నీకు బజ్జీలు కట్టనీకె సినిమా పేజీ తప్ప ఏం మిగలది సూడు."

"మిగలకుంటే చేతుల పెట్టి ఇస్త. తిను," అనేవాడు చాచా.

ఇద్దరు తీర్పరులు, చదివేది నేను, పెనం దగ్గర చాచా. మా గ్లాసులు కాక బెంచీ చివర ఇంకో గ్లాసు ఉండేది. అది భాయ్‌ది. ఒడిశా మనిషి. ఏ ఊరో చెప్పాడు గానీ మాకు నోరు తిరగలేదు. ఫ్యాక్టరీ గేటు పాసు లేని కూలీ. పొద్దున్నే ఫ్యాక్టరీ గేట్ల ముందు నిలబడితే ఎవరికైనా మనిషి తక్కువైనప్పుడు లోపలికి పిలుస్తారు, లేకుంటే లేదు. తెలుగు అర్థం కాకపోయినా రోజూ పేపరంతా వినేవాడు. చివర్న ఒక్కటే అడిగేవాడు.

"హమారే తరఫ్ కా కుఛ్ హై క్యా?"

మా వైపు వార్త ఏమైనా ఉందా అని. ఉండేది కాదు. మన పేపర్లో మన జిల్లాకే జాగా దొరకదు, వాళ్ల జిల్లాకు ఎక్కడ దొరుకుతుంది? "కుఛ్ నై భాయ్" అనేవాణ్ని. ఒకసారి అటువైపు తుపాను వచ్చినప్పుడు మాత్రం రెండు పేరాలు పడ్డాయి. వాటిని నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. నేను తెలుగులో చదివి, వచ్చీరాని హిందీలో చెప్తుంటే, తలాడిస్తూ, మధ్యలో ఇంటికి ఫోన్ చేసి, "యహాఁ పేపర్ మే ఆయా హై" అని, ఇక్కడి పేపర్లో వచ్చిందని పెళ్లాంతో గొప్పగా చెప్పుకున్నాడు. అక్కడ ఇల్లు ఎగిరిపోయిందో ఉందో అడగడం మాకు తోచలేదు. ఆ రోజు మా తీర్పు ఒక సినిమా హీరో విడాకుల మీద నడుస్తోంది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మా పక్క ఫ్యాక్టరీల్లో ప్రమాదం జరిగిన వార్త నేను చదివినప్పుడల్లా, చనిపోయినవాళ్ల మీద కూడా తీర్పులు చెప్పేవాళ్లం. జాగ్రత్తగా ఉండొద్దా, చూసుకుని పని చేయొద్దా అని. కూర్చున్న బెంచీ మీంచి చెప్పడం ఎంత సులువు! ఇప్పుడు తలచుకుంటే నా గొంతు మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయిన ఏడాదికి ముందు ఏడు పెత్రమాస వచ్చింది. పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్య. మా వైపు ఎంత లేనివాడైనా ఆ రోజు చనిపోయిన తల్లిదండ్రుల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు, చింతపండు అయ్యగారి చేతిలో పెడతాడు. బావ తండ్రి పోయి అప్పటికి ఏడు నెలలే. మొదటిసారి బియ్యమివ్వాలి. ఫ్యాక్టరీలో సెలవడిగితే కాంట్రాక్టరు మనిషి, "రాకుంటే పాసు చింపుత" అన్నాడట.

బావ పొద్దున పేపరు టైములో ఈ మాట చెప్పి తల పట్టుకున్నాడు. ఉపాయం చెప్పింది నేనే. దీన్ని ఇంకెవరి మీదా తోయను.

"భాయ్‌ని పంపరాదు బావా, నీ పాసు మీద? గేటుకాడ ఫొటో ఎవడు జూస్తడు?"

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. మా దగ్గర అందరూ చేసేదే. పాసు మీద ఫొటో పదకొండేళ్ల నాటిది, చెమటకు తెల్లబడిపోయి అందులో ఉన్నది మనిషో మబ్బో తెలియదు. సెక్యూరిటీవాడికి కావలసింది తలకాయల లెక్క. బాలింత భార్య ఉన్నవాడు, జ్వరమొచ్చినవాడు, కోర్టు వాయిదా ఉన్నవాడు, ఎవడైనా సరే, పాసు ఇంకొకడి చేతిలో పెట్టి పనిని నిలబెట్టుకుంటాడు. కాంట్రాక్టరుకూ తెలుసు. తెలియనట్టు ఉండటం ఆయనకు లాభం.

భాయ్ సంతోషంగా ఒప్పుకున్నాడు. బావ పాసుతో పాటు తన సేఫ్టీ బూట్లు కూడా ఇచ్చాడు. బూట్లు లేకుంటే గేటు దాటనివ్వరు. బావవి పెద్ద పాదాలు. భాయ్ వేసుకుని రెండడుగులు వేస్తే బూటు ఒకటి వెనకే ఉండిపోయింది. మేమందరం నవ్వాం. భాయ్ కూడా నవ్వాడు. చాచా అప్పుడే నేను చదివిన పేపర్లోంచి రాజకీయాల పేజీ తీసి సగానికి చింపి ఉండలు చేసి ఇచ్చాడు. వాటిని బూట్ల ముందు భాగంలో కుక్కుకుని మళ్లీ నడిచి చూపించాడు.

"అరె, అండ్ల మా లీడరు ఉన్నడు! తొక్కకుమని జెప్పు," అన్నాడు ఆటో దోస్తు.

మర్నాడు పెత్రమాస. భాయ్ వచ్చి టీ తాగి, ఫోను చాచాకిచ్చాడు. మందుల ఫ్యాక్టరీల్లో సెల్‌ఫోను లోపలికి రానివ్వరు, మంటలు అంటుకుంటాయని భయం. గేటు దగ్గర ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు చాచాకిచ్చి పోతారు. ఆయన ఒక బిస్కెట్ డబ్బాలో దాస్తాడు. భాయ్ పోతూ పోతూ పేపరు వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. నేను లేదన్నట్టు తల ఊపాను.

పదకొండు దాటాక కాంటా గదిలో అద్దాలు గలగలమన్నాయి. కాంటా మీద లారీ లేదు, ఏమీ లేదు, అయినా తూకం చూపించే ఎర్ర అంకెలు పైకీ కిందికీ దూకాయి. ఆ తర్వాత వినిపించింది చప్పుడు. బయటికి వచ్చి చూస్తే బావ పనిచేసే ఫ్యాక్టరీ మీద పొగ లేస్తోంది. రియాక్టరు పేలిందన్నారు. పక్కనున్న స్టోరు గోడ, పైన రేకుల షెడ్డు మొత్తం కూలిపోయాయన్నారు. పరుగెత్తి పోతే పోలీసులు గేటుకు వంద అడుగుల దూరంలోనే ఆపేశారు.

బయటికి వచ్చిన ప్రతి మొహాన్నీ సాయంత్రం దాకా చూశాం. భాయ్ రాలేదు. బావ ఊరి నుంచి గంటకొకసారి ఫోన్ చేసి, "వచ్చిండా?" అని అడుగుతూనే ఉన్నాడు. బిస్కెట్ డబ్బాలో మాత్రం భాయ్ ఫోను మోగింది. చాచా ఎత్తాడు. పెళ్లాం. అక్కడ టీవీలో ఏదో చూపించారట. చాచా ఒక క్షణం నా వైపు చూసి, "కామ్ పే హై బేటీ, ఆతే హీ బాత్ కరాతా హూఁ" అని పెట్టేశాడు. పనిలో ఉన్నాడు, రాగానే మాట్లాడిస్తానని. ఐదుపూటల నమాజు చేసే మనిషి. ఆ అబద్ధం చెప్పాక తోబా తోబా అనుకుంటూ ఫోనును డబ్బాలో పెట్టాడు.

మర్నాడు పొద్దున పేపరు వచ్చింది. నేను చదవడం మొదలుపెట్టాను. ముగ్గురు చనిపోయారు, వాళ్ల ఫొటోలు. కింద, ఆచూకీ తెలియనివారు ఒక్కరు అని ఒక పేరు. అది బావ పేరు. అక్కడ చదవడం ఆపేశాను.

అప్పుడే బావ ఊరి నుంచి వచ్చాడు. పొద్దున్నే వాళ్లింటికి చుట్టాలు ఏడ్చుకుంటూ వచ్చారట. తలుపు తీసి, వాళ్లకు నీళ్లిచ్చి, తను బతికే ఉన్నానని నచ్చజెప్పి బస్సెక్కాడు. మామూలుగానైతే ఆ మాటకు వారం రోజులు నవ్వేవాళ్లం.

బావ పేపరు నా చేతిలోంచి తీసుకుని ఆ పేరును చూశాడు.

"గిది నేను గాదు. భాయ్. గీ పేరు కిందున్నది భాయ్."

పావుగంటలో కాంట్రాక్టరు మనిషి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. బావను చూడగానే వాడి మొహం విప్పారింది. దేవుడు కనబడ్డట్టు చేతులు పట్టుకున్నాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"నువ్వు లోపటికెల్లి బయటపడ్డవని రాసిన. సంతకం పెట్టు. లిస్టు సరిపోతది. ఇగ అంతా సాఫు జేసుకోవచ్చు."

"మరి లోపలున్న మనిషి?"

"ఎవలు? రిజిష్టర్ల అసుంటి పేరు లేదు. నాకు తెల్వదు. నీకు గూడ తెల్వదు." గొంతు తగ్గించాడు. "జెర సోంచాయించు. నోరు తెరిస్తె ముందు జైలుకు పోయేది నువ్వే. దొంగ పాసు ఇచ్చినోనివి."

సంగతి అప్పుడర్థమైంది. బావ బయటపడ్డట్టు సంతకం పెడితే, లోపల ఇక ఎవరూ లేరు. వెతకాల్సిన అవసరమే లేదు. కూలిన షెడ్డును యంత్రంతో ఎత్తి లారీల్లో పోస్తారు. భాయ్ ఆ ఇనుములో, ఆ ఇటుకల్లో పోతాడు. ఒడిశాలో ఆమె జన్మంతా ఫోన్ చేస్తూ కూర్చుంటుంది.

అన్నీ అర్థమయ్యాక కూడా నేనేమన్నానో రాయాలి. రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

"పెట్టు బావా," అన్నాను. "నీకు ఇద్దరు పిల్లలు. పోయినోడు ఎట్లా రాడు."

ఆటో దోస్తుకు వాళ్ల లీడరు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, మీ దోస్తుకు చెప్పు, గొడవ వద్దని. వాడూ అదే చెప్పాడు. రోజూ మంత్రులకు ఉరిశిక్షలు వేసే మేం ఇద్దరం, ఒక్క ఫోను కాల్‌కు, ఒక్క కాగితానికి లొంగిపోయాం.

అప్పుడు బిస్కెట్ డబ్బా మళ్లీ మోగింది.

చాచా ఎత్తలేదు. "నాతోని గాదు," అన్నాడు. "నిన్న ఒక జూట్ చెప్పిన. రెండోది చెప్ప."

బావ లేచి డబ్బా మూత తీశాడు. ఫోను చెవికి పెట్టుకుని, ఎన్నడూ పూర్తిగా ఒక్క వాక్యం మాట్లాడని హిందీలో చెప్పాడు. "బెహన్, మేరే నామ్ పే గయా థా. అందర్ హై. హమ్ నికాలేంగే." నా పేరు మీద పోయిండు, లోపల ఉన్నడు, మేం బయటికి తెస్తం. అవతల నుంచి ఒక్క మాట, మా అందరికీ వినిపించింది.

"జిందా?"

బతికే ఉన్నాడా అని. బావ, "మాలూమ్ నై బెహన్" అన్నాడు, తెలియదని. ఫోను పెట్టి, కాంట్రాక్టరు మనిషి కాగితాన్ని మడిచి వాడి జేబులోనే తిరిగి పెట్టాడు.

"నేను లోపటికే పోలే. లోపటికి పోనోణ్ని బయటికి ఎట్లొస్త? పో. దొంగ పాసని కేసు రాయించుకో. నేనే స్టేషన్‌కు పోతున్న, ఎన్కనుంచి రా."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గే నన్ను లేపింది. ఇంకే గొప్ప కారణమూ లేదు.

అందరం గేటు దగ్గరికి పోయాం. చాచా పదహారేళ్లలో మొదటిసారి పొద్దున పూట పెనం దించి, ఫోనున్న డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. అక్కడ పెద్దాఫీసర్లు, లీడర్ల కార్లు, కెమెరాలు. బావ ఒక ఆఫీసరు ముందు నిలబడి, పేపర్లో పడిన పేరు నాదేనని, నేను బతికున్నానని, నా పాసు మీద వేరే మనిషి లోపలున్నాడని, నాది తప్పేనని, కేసు రాసుకోమని, ముందు మనిషిని వెతకమని, అన్నీ ఒక్క గుక్కలో చెప్పాడు. ఆఫీసరు కంపెనీవాళ్ల వైపు చూశాడు. వాళ్లు ఆకాశం వైపు చూశారు. "విచారిస్తాం" అన్నాడు ఆఫీసరు.

విచారణ ఏమో గానీ, మధ్యాహ్నానికి స్క్రాపు లారీలు వచ్చాయి. కూలిన షెడ్డు ఇనుమును అప్పటికే అమ్మేశారు. మొదటి లారీ నిండి నా కాంటా మీదికే వచ్చింది. తూకం చీటీ లేకుండా స్క్రాపు లారీ కదలదు. నేను గదిలో కూర్చుని ఉన్నాను. చేతి కింద మీట ఉంది. నొక్కితే అంకెలు వస్తాయి, చీటీ వస్తుంది, లారీ పోతుంది. రోజుకు నూరుసార్లు నొక్కేదే.

నేను మెయిన్ స్విచ్ దించేశాను. బయటికొచ్చి అరిచాను, ఆ రోజు దాకా వార్తలకు, డ్రైవర్లకు వాడిన గొంతుతోనే.

"తూకం లేదు! షెడ్డు కింద మనిషున్నడు. ఆ మనిషి బయటికొచ్చేదాంక ఒక్క లారీ తూకం వెయ్య!"

కాంటా ఓనరు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఉద్యోగం పోతుందన్నాడు. పోనీ అన్నాను. ఇంకో కాంటా కర్దనూరు వైపు ఉంది. అది నడిపేవాడికి ఫోన్ చేశాను. ఒకప్పుడు మా బెంచీ మీద కూర్చున్నవాడే. "కరెంటు లేదని చెప్త అన్న, ఎన్ని రోజులు పోవాలె కరెంటు?" అని అడిగాడు. ఈలోగా ఆటో దోస్తు ఆటోను తెచ్చి లారీ ముందు అడ్డం పెట్టాడు. వెంట ఇంకో తొమ్మిది ఆటోలు. లీడరు ఆఫీసు నుంచి మళ్లీ ఫోనొస్తే, వాడు ఎత్తి, "అన్నా, సిగ్నల్ లేదు" అని గట్టిగా చెప్పి పెట్టేశాడు. తర్వాత బ్లేడు తీసుకుని అద్దం మీది ఫొటోను గీకడం మొదలుపెట్టాడు. సగమే ఊడింది. ఇప్పటికీ ఆ ఆటో అద్దం మీద సగం మొహం, సగం నవ్వు అట్లాగే ఉన్నాయి.

రోడ్డు మీద లారీలు ఆగిపోయాక కెమెరాలు మా వైపు తిరిగాయి. కెమెరాలు తిరిగాక ఆఫీసరుకు విచారణ తొందరగా అయిపోయింది. లారీలు వెనక్కి పోయాయి. మనుషులు చేతులతో ఇటుకలు తీయడం మొదలైంది.

మూడో రోజు పొద్దున దొరికాడు. స్టోరు గోడ కింద. చూసి గుర్తుపట్టే స్థితిలో లేడు. కంపెనీవాళ్లు, ఇతను ఎవరో ఎట్లా చెప్తారని అడిగారు. బావ వంగి, బూటు తీసి, ముందు భాగంలోంచి కాగితం ఉండ లాగాడు. నలిగింది గానీ కాలలేదు. చాచా హోటల్లోకి పోయి, అరలోంచి అదే రాజకీయాల పేజీ రెండో సగం తెచ్చాడు. దాన్ని బజ్జీలకు ఎందుకు వాడలేదని తర్వాత అడిగాను. "ఆ దినం మిగిలింది. ఆ తర్వాత ఎవనికి బజ్జీలు ఏసిన బేటా?" అన్నాడు. రెండు సగాలను కారు బానెట్ మీద పక్కపక్కన పెడితే చిరుగుకు చిరుగు కలిసింది, మధ్యలో చిరిగిన లీడరు మొహంతో సహా. ఆఫీసరు ఆ చిరుగును చూసి, కలం తీసి పేరు అడిగాడు. భాయ్ పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు. ఊరి పేరు నోరు తిరగక, ఫోన్లో ఆమెనే అడిగి రాయించాం. భాయ్ అన్న వచ్చి శవాన్ని తీసుకుపోయాడు. బండి కదిలేముందు ఆ అన్న బావ కాళ్ల వైపు చూశాడు. బావ చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాడు. తన బూట్లు భాయ్‌తోనే పోతున్నాయి.

నాలుగో రోజు పేపర్లో నాలుగు లైన్లు పడ్డాయి. లోపలి పేజీలో, కింద మూలన. విలేకరికి పేరు నేనే స్వయంగా కాగితం మీద రాసిచ్చాను. అయినా "గుర్తు తెలియని ఒడిశా కూలీ" అని వేశారు. గుర్తు తెలియని! మూడు రోజులు మేం రోడ్డున పడి గుర్తు తెలియజేసింది ఎవరికి? నాకు ఒళ్లు మండింది. చదవడం ఆపి, కాంటా చీటీలు రాసే పెన్నుతో ఆ మాటలను కొట్టేసి, పక్కన ఖాళీ జాగాలో భాయ్ పేరు రాశాను, ఒత్తి ఒత్తి, కాగితం చిరిగేలా. తర్వాత మొదటి నుంచి చదివాను. అందరూ విన్నారు. తీర్పు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు వాళ్ల వైపు వార్త ఉంది, అడగడానికి మనిషే లేడు. చాచా ఆ పేజీని తీసుకుని అరలో అన్నిటికంటే పైన పెట్టాడు.

బావ ఉద్యోగం ఆ రోజే పోయింది. దొంగ పాసు కేసు కూడా రాశారు. వాయిదాలకు సంగారెడ్డి కోర్టుకు పోయి వస్తుంటాడు. ఆటో దోస్తు కిరాయి తీసుకోకుండా తీసుకుపోతాడు. నన్ను కాంటా నుంచి తీసేశారు, రెండు నెలలకు ఇంకొకడు దొరక్క మళ్లీ పిలిచారు. ఇప్పటికీ చాలామంది బావతో అంటారు, నీకెందుకురా, సంతకం పెడితే అయిపోయేది కదా అని. వాళ్లలాగే చెప్పినవాణ్ని నేనూ కాబట్టి, నేను పక్కకు చూస్తాను.

పోయిన ఏడు పెత్రమాసకు మమ్మల్ని ఊరికి రమ్మన్నాడు. చాచా కూడా హోటలు మూసి వచ్చాడు. అయ్యగారు ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ల దగ్గర బియ్యం తీసుకుంటూ పెద్దల పేర్లు చదువుతున్నారు. బావ వంతు వచ్చింది. రెండు చాటల బియ్యం ముందు పెట్టాడు. తండ్రి పేరు, తాత పేరు చెప్పాడు. అయ్యగారు చదివారు. తర్వాత బావ రెండో చాటను ముందుకు జరిపి ఇంకో పేరు చెప్పాడు. అయ్యగారు ఆగిపోయారు.

"ఈ పేరు మీ వంశంలది కాదు గదా? ఈయన మీకేమైతడు?"

"నా పేరు మీద సచ్చిపోయిండు," అన్నాడు బావ.

"అట్ల కాదు నాయనా, రక్తసంబంధం ఉండాలె. తెల్వని మనిషికి..."

"తెల్వని మనిషి గాదు!"

అరిచింది నేను. వరసలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. అయ్యగారు మా మొహాలు చూసి, దర్భ చేతిలోకి తీసుకుని, "సరే, పేరు ఇంకొకసారి చెప్పండి, సరిగ వినపడలే" అన్నారు.

నేను, బావ, ఆటో దోస్తు, వాకిట్లో దూరంగా నిలబడ్డ చాచా, నలుగురం ఒక్కసారే చెప్పాం. ఊరి పేరుతో సహా. ఇప్పుడు మాకు నోరు తిరుగుతుంది.